ఇల్లు మారాం, ఇప్పుడు ఎవరెవరికి చెప్పాలి?

ఏటా వేసవి చివర ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారుతుంది. బదిలీలు, పిల్లల బడి మార్పులు, అద్దె గడువులు అన్నీ ఆ రోజుల్లోనే కలిసి రావడం వల్ల ఇల్లు మారినవారి ప్రశ్నలు ఎక్కువవుతాయి. సామాను సంగతి ఎవరూ అడగరు, కాగితాల మీది చిరునామా సంగతే అడుగుతారు. అలాంటి నాలుగు ఉత్తరాలకు ఈసారి సమాధానాలు రాస్తున్నాను. మొదటిదానికి కాస్త విస్తారంగా రాశాను, అందులో చెప్పిన వరుస మిగిలినవారికి కూడా పనికివస్తుందని.

ప్రశ్న: మా వారికి రాజమహేంద్రవరం నుంచి హైదరాబాద్‌కు బదిలీ అయింది. ఇద్దరు పిల్లలతో కూకట్‌పల్లిలో అద్దె ఇంట్లో దిగాం. కరెంటు మీటరు ఇంటి యజమాని పేరు మీద ఉంది. అద్దె ఒప్పందం పదకొండు నెలలకే రాసుకున్నాం, దాన్ని రిజిస్ట్రేషన్ చేయించడానికి ఆయన ఇష్టపడటం లేదు. గ్యాస్, ఆధార్, బ్యాంకు, ఓటు, కారు అన్నీ పాత చిరునామాతోనే ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా కొత్త చిరునామాకు రుజువు ఏదని అడుగుతున్నారు. మేము ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: అమ్మా, చిరునామా మార్చాలంటే రుజువు కావాలి, ఆ రుజువు పుట్టాలంటే ఎక్కడో ఒకచోట చిరునామా ముందే మారి ఉండాలి. ఈ ముడిని నేరుగా ఆధార్ దగ్గర విప్పబోయి చాలామంది అలసిపోతారు. మీరు వంటగ్యాస్ దగ్గర మొదలుపెట్టండి. కొత్త ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ పని ఎలాగూ తప్పదు, పైగా మీ పేరుతో, కొత్త చిరునామాతో ఒక బిల్లు అందరికంటే ముందు చేతికి వచ్చేది సాధారణంగా అక్కడి నుంచే.

ఊరు మారినప్పుడు పాత ఏజెన్సీలో సిలిండరును, రెగ్యులేటరును అప్పగిస్తే, మొదట్లో కట్టిన డిపాజిట్ తిరిగి ఇచ్చి, ట్రాన్స్‌ఫర్ వోచర్ అనే కాగితం ఇస్తారు. దానితో కొత్త ఊరి ఏజెన్సీలో డిపాజిట్ కడితే కనెక్షన్ మీ పేరుతోనే కొనసాగుతుంది. సిలిండరును సామానుతోపాటు లారీలో తెచ్చేసుకున్నవారు ఈ వోచర్ కోసం మళ్లీ పాత ఊరికి ప్రయాణం పెట్టుకోవలసి వస్తుంది కాబట్టి, ఇంకా బయలుదేరని పాఠకులు ఈ ఒక్క పనిని ముందే ముగించుకోవాలి. ఒకే ఊళ్లో పేట మారినవారికి ఈ శ్రమ లేదు, వారి బదిలీ సిలిండరు అప్పగించకుండానే ఆన్‌లైన్‌లో జరుగుతుంది.

ఇక ఆధార్. గ్యాస్ బిల్లు, పోస్ట్‌పెయిడ్ ఫోను బిల్లు వంటివి మూడు నెలలలోపువి అయితే ఆధార్ సంస్థ చిరునామా రుజువుగా స్వీకరిస్తుంది. మొబైల్ నంబరు ఆధార్‌తో అనుసంధానమై ఉంటే ఇంట్లో కూర్చునే మైఆధార్ పోర్టల్‌లో బిల్లు నకలు జతపరచి, రుసుము చెల్లించి దరఖాస్తు చేయవచ్చు. పేరు, పుట్టిన తేదీ మార్చుకోవడానికి ఉన్నట్టు చిరునామా మార్పుకు ఇన్నిసార్లే అన్న పరిమితి లేదు, అందువల్ల అద్దె ఇల్లే కదా, ఏడాదికే కదా అని వెనకాడవలసిన అవసరం లేదు. గ్యాస్ కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారి ఆధార్‌ను ముందు మార్పించండి. మిగిలిన ముగ్గురికీ వేరువేరుగా రుజువులు వెతకనక్కరలేదు. 2023 నుంచి కుటుంబ పెద్ద సమ్మతితో చిరునామా మార్చుకునే ఏర్పాటు ఉంది. భార్యాభర్తల సంబంధాన్నో, తల్లిదండ్రులు పిల్లల సంబంధాన్నో తెలిపే కాగితం జతచేసి దరఖాస్తు పెడితే, కుటుంబ పెద్దకు సందేశం వస్తుంది. ఆ పెద్ద 30 రోజులలోపు పోర్టల్‌లోకి వెళ్లి సమ్మతి తెలపాలి. ఆ గడువు దాటనివ్వడం వల్లనే చాలా దరఖాస్తులు మురిగిపోతాయి.

మీ ఇంటి యజమాని రిజిస్ట్రేషన్‌కు ఇష్టపడకపోవడంలో దురుద్దేశం వెతకకండి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజులను, ఏటేటా సాగే లీజులను తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించుకోవడానికే మన ఊళ్లలో పదకొండు నెలల ఒప్పందాలు వాడుకలోకి వచ్చాయి. దానిపై ఆయనతో వాదన పెంచుకోవడం కంటే, ఇద్దరు సాక్షుల సంతకాలతో ఒప్పందం ఒరిజినల్ ఒకటి మీ దగ్గర ఉంచుకోవడం, అద్దెను బ్యాంకు ద్వారా చెల్లించడం మేలు.

బ్యాంకు విషయంలో మీకు తెలియని వెసులుబాటు ఒకటి ఉంది. ఆధార్‌లోని చిరునామా ఒకటి, ప్రస్తుతం నివసించే చిరునామా మరొకటి అయినప్పుడు, ప్రస్తుత చిరునామాను ఖాతాదారు స్వీయ ధ్రువీకరణతో ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు కేవైసీ (ఖాతాదారు గుర్తింపు, చిరునామా నిర్ధారణ) నిబంధనలు చెబుతున్నాయి. మారింది చిరునామా ఒక్కటే అయితే మొబైల్ యాప్ ద్వారానో, నమోదైన ఈమెయిల్ ద్వారానో, ఉత్తరం ద్వారానో తెలియజేయవచ్చు. ఆ చిరునామా నిజమైనదో కాదో బ్యాంకే రెండు నెలలలోపు నిర్ధారించుకోవాలి. అయితే రుజువు కూడా తెమ్మని కోరే స్వేచ్ఛ బ్యాంకుకు ఉంది, కాబట్టి కోరితే గ్యాస్ పనో, ఆధార్ పనో పూర్తయ్యాక మళ్లీ వెళ్లండి, ఈలోగా మాత్రం ఇచ్చిన ధ్రువీకరణకు రసీదు తీసుకోండి. కొత్త డెబిట్ కార్డు, చెక్కుబుక్కు పాత ఇంటికి వెళ్లడం ఉత్తరం దారి తప్పడం లాంటిది కాదు. అది డబ్బుతో ముడిపడిన వ్యవహారం. అందుకే చిరునామా మారినట్టు బ్యాంకు ధ్రువీకరించేవరకు కొత్త కార్డు కోసం అభ్యర్థన పెట్టకండి.

ఓటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ జరిగే పొరపాటు నేరం దాకా వెళ్లగలదు. ఇల్లు మారినవారు చాలామంది కొత్త ఓటరుగా ఫారం-6 నింపేస్తుంటారు. అది మొదటిసారి నమోదయ్యేవారి కోసం ఉద్దేశించింది, ఇంకెక్కడా నా పేరు లేదని అందులో ధ్రువీకరించాలి. ఒక వ్యక్తి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండరాదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ చెబుతోంది, తప్పుడు ధ్రువీకరణకు 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మీరు నింపవలసింది ఫారం-8. 2022 ఆగస్టు నుంచి నివాసం మారిన ఓటర్లందరికీ, అదే నియోజకవర్గమైనా వేరే నియోజకవర్గమైనా, ఆ ఒక్క ఫారమే. ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు, మీ పోలింగ్ బూత్ స్థాయి అధికారికి అందించవచ్చు. చిరునామా రుజువుల్లో అద్దె ఒప్పందాన్ని చూపాలంటే అది రిజిస్టర్ అయి ఉండాలని అడుగుతారు, అందుకే మీరు ఆధార్ మారాక ఈ పని చేస్తే సులువు. సందేహాలకు 1950 నంబరుకు ఫోను చేయవచ్చు. సొంత ఇల్లు రాజమహేంద్రవరంలో ఉంది కదా, ఓటు అక్కడే ఉంచుకుంటామని కొందరు అంటారు. ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ సాధారణ నివాసి అయినట్టు కాదని అదే చట్టం 20వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది.

కారుకు మాత్రం గడువు నడుస్తోంది. మోటారు వాహనాల చట్టం 49వ సెక్షన్ ప్రకారం యజమాని చిరునామా మారిన 30 రోజులలోపు రవాణా శాఖకు తెలియజేయాలి. మీది రాష్ట్రం కూడా మారింది కాబట్టి 47వ సెక్షన్ వర్తిస్తుంది: ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకుంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. అందుకు ముందు ఆంధ్రప్రదేశ్‌లోని కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం రావాలి, కారు మీద అప్పు ఉంటే ఫైనాన్స్ సంస్థ అంగీకారమూ కావాలి, ఆ తర్వాత తెలంగాణలో పన్ను చెల్లించాలి. ఈ ఖర్చు చిన్నది కాదు, అందుకే ఏడాది దాటేలా ఇక్కడే ఉంటారా లేదా అన్నది ఇంట్లో ముందుగా తేల్చుకోండి. మీ వారికి మళ్లీ మళ్లీ బదిలీలు అయ్యే అవకాశం ఉంటే, తరువాత కొనే వాహనానికి బీహెచ్ వరుస నంబరుకు అర్హత ఉందేమో చూసుకోండి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు 2021 నుంచి ఆ నంబర్లు ఇస్తున్నారు. ఆ నంబరు ఉన్న వాహనానికి రాష్ట్రం మారినా కొత్త నమోదు అక్కరలేదు. వాహన బీమా సంస్థకు కూడా చిరునామా మార్పు తెలపడం మరవకండి.

మిగిలినవి త్వరగా చెబుతాను. పాన్ కార్డు మీద చిరునామా ముద్రించి ఉండదు కాబట్టి కార్డు మార్చనక్కరలేదు, కానీ పాన్ రికార్డులోనూ, ఆదాయపు పన్ను పోర్టల్‌లోని మీ వివరాల్లోనూ చిరునామా మార్చాలి. పాస్‌పోర్టులో చిరునామా దిద్దరు, పుస్తకాన్నే మళ్లీ జారీ చేస్తారు. భవిష్య నిధి వివరాలు, ఆరోగ్య బీమా పాలసీ సంగతి మీ వారి కార్యాలయంలో చెబితే సరిపోతుంది, అయితే సొంతంగా తీసుకున్న పాలసీలకు మీరే రాయాలి. పాత ఊరి పోస్టాఫీసులో మీ ఉత్తరాలను కొత్త చిరునామాకు మళ్లించమని రాతపూర్వకంగా కోరండి. అది కొంతకాలం ఆదుకునే ఏర్పాటే గాని, సంస్థలకు చెప్పడానికి బదులు కాదు.

ఒక్క మాట కొసరుగా. అన్నిచోట్లా చిరునామాను ఒకే తీరులో రాయండి. ఒకచోట ప్లాటు నంబరు, మరోచోట ఇంటి నంబరు, ఇంకోచోట అపార్ట్‌మెంటు పేరు మాత్రమే రాస్తే, రేపు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టినప్పుడు అవి ఒకే ఇంటివని ఎదుటివారికి తోచదు. పిన్‌కోడును మరీ జాగ్రత్తగా రాయండి. 1972 ఆగస్టు 15న ఆ ఆరంకెల పద్ధతి వచ్చినప్పటి నుంచి ఉత్తరం ఏ పంపిణీ కార్యాలయానికి చేరాలో తేల్చేది అదే, అందులో ఒక్క అంకె తప్పినా ఉత్తరం మరో పేటకు వెళ్లి తిరుగుతుంది.

ప్రశ్న: కిందటేడు అద్దె ఇల్లు ఖాళీ చేసి వేరే పేటకు మారాను. ఒక పరిచయస్థుడికి ఇచ్చిన చెక్కు చెల్లలేదు. ఆయన పాత చిరునామాకు నోటీసు పంపారట, అది తిరిగి వెళ్లిందట. ఇప్పుడు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. నోటీసే నాకు అందలేదు కదా, కేసు నిలుస్తుందా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: అందలేదన్న ఒక్క కారణంతో కేసు పడిపోతుందని నమ్మి కూర్చోకండి. సరైన చిరునామా రాసి, తపాలా ఖర్చు చెల్లించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు చేరినట్టే భావించాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. చేరలేదని రుజువు చేయవలసిన భారం మీ మీద ఉంటుంది. మీరు ఇల్లు మారిన సంగతి ఆయనకు ముందే తెలిపి ఉంటే, తెలిపినట్టు ఒక ఉత్తరం నకలు గానీ, ఫోను సందేశం గానీ ఉంటే, ఆయన రాసింది సరైన చిరునామా కాదని వాదించే దారి మీకు తెరుచుకుంటుంది. ఏమీ చెప్పకుండా మారిపోయి ఉంటే ఆ దారి చాలా ఇరుకు.

మీకు అక్కరకు వచ్చే తీర్పు ఒకటి ఉంది. చెక్కు కేసుల్లో నోటీసు అందిన 15 రోజులలోపు డబ్బు చెల్లిస్తే నేరం ఏర్పడదు. నోటీసు నిజంగా అందనివారి సంగతి ఏమిటన్న ప్రశ్నకు 2007లో సీసీ అలవి హాజీ కేసులో సుప్రీంకోర్టు జవాబిచ్చింది. అలాంటివారు కోర్టు సమన్లు అందిన 15 రోజులలోపు చెక్కు మొత్తాన్ని చెల్లించి, ఆ సంగతి కోర్టుకు తెలిపి, ఫిర్యాదును తోసిపుచ్చమని కోరవచ్చు. అప్పు నిజమైనదే అయి, డబ్బు సమకూరేలా ఉంటే, సమన్లు ఏ రోజు అందాయో లెక్క చూసుకుని వెంటనే న్యాయవాదిని కలవండి. రోజులు దాటిపోయాక ఈ వెసులుబాటు అడగలేరు.

మిగతా పాఠకులకు కూడా ఇక్కడ ఒక సూచన. అప్పు ఉన్న ప్రతి సంస్థకూ, చెక్కు ఇచ్చిన ప్రతి వ్యక్తికీ చిరునామా మార్పును రాతపూర్వకంగా తెలపండి, పంపిన రసీదు దాచండి. 2025 సెప్టెంబరు 1 నుంచి తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది, కాబట్టి ఇప్పుడు ఆ పని స్పీడ్ పోస్టు కౌంటరులోనే అవుతుంది. సంతకం పెట్టి ఇచ్చిన అప్పు పత్రాన్ని ఒకసారి చదివి చూడండి. చిరునామా మారితే తెలపవలసిన బాధ్యత అప్పు తీసుకున్నవారిదేనన్న షరతు చాలా పత్రాల్లో ఉంటుంది.

ప్రశ్న: ఉపాధ్యాయుడిగా విరమణ పొందాను. సొంత ఇల్లు అమ్మి కొడుకు దగ్గరకు విశాఖపట్నం వచ్చాను. పాతకాలపు షేరు కాగితాలు, కొన్ని మ్యూచువల్ ఫండ్లు, రెండు మూడు బ్యాంకుల్లో డిపాజిట్లు ఉన్నాయి. వాటన్నింటికీ విడివిడిగా చెప్పాలా? చెప్పకపోతే ఏమవుతుంది? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం చదువుతుంటే మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. ఆయన ఊరు మారినప్పుడు ఒక కంపెనీకి తెలపడం మరిచిపోయారు. డివిడెండు పత్రాలు పాత ఇంటికి వెళ్లి తిరిగి వెళుతూనే ఉన్నాయి. ఆయన పోయిన తర్వాత పాత ట్రంకు పెట్టెలో ఆ షేరు కాగితం దొరికింది. దాని మీద హక్కు నిరూపించుకోవడానికి మా అమ్మగారు ఎన్ని సంతకాలు పెట్టారో, ఎన్ని కాగితాలు నోటరీ చేయించారో నేను దగ్గరుండి చూశాను. అందుకే మీరు జీవించి ఉండగా, సంతకం స్థిరంగా ఉండగా ఈ పని ముగించాలని నా కోరిక.

కంపెనీల చట్టం 2013లోని 124వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లు వరుసగా ఎవరూ తీసుకోని డివిడెండు, ఆ షేర్లతో సహా, ఇన్వెస్టర్ల విద్య, రక్షణ నిధికి వెళ్లిపోతుంది. తిరిగి రాబట్టవచ్చు గాని ఐఈపీఎఫ్-5 ఫారంతో దరఖాస్తు, కంపెనీ పరిశీలన, నిరీక్షణ తప్పవు. కాగితం రూపంలోని షేర్లకు ఆ కంపెనీ తరఫున షేర్ల రికార్డులు చూసే రిజిస్ట్రారుకు ఐఎస్ఆర్-1 ఫారం పంపి పాన్, చిరునామా, బ్యాంకు వివరాలు నమోదు చేయించండి. ఆ వివరాలు లేని ఫోలియోలకు, అంటే షేరుదారు ఖాతాలకు, 2024 ఏప్రిల్ నుంచి డివిడెండు కాగితం రూపంలో ఇవ్వడం లేదు, కేవైసీ పూర్తయ్యాక బ్యాంకు ఖాతాలోకే వేస్తారు. వీలైతే అదే ఊపులో వాటిని డీమ్యాట్‌లోకి, అంటే కాగితం లేని ఎలక్ట్రానిక్ రూపంలోకి, మార్పించండి, ఆ తర్వాత ఏ కంపెనీకీ విడిగా రాయనక్కరలేదు, డీమ్యాట్ ఖాతా ఉన్నచోట ఒక్కసారి చెబితే చాలు.

మ్యూచువల్ ఫండ్లది ఇంకా సులువు. ఒక ఫండ్ సంస్థలో కేవైసీ చిరునామా మారిస్తే అది కేవైసీ నమోదు సంస్థ ద్వారా మిగిలినవాటికి చేరుతుంది. బ్యాంకులకు మాత్రం ఒక్కోదానికి విడిగా చెప్పాలి. పదేళ్లపాటు లావాదేవీ లేని ఖాతాల సొమ్మును బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిర్వహించే డిపాజిటర్ల నిధికి పంపుతాయి. అక్కడికి వెళ్లినా హక్కు పోదు, సంబంధిత బ్యాంకునే అడిగి తీసుకోవచ్చు. ఎక్కడైనా మరచిన ఖాతా ఉందేమో అన్న అనుమానం ఉంటే, 2023లో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరుతో వెతకమని మీ అబ్బాయికి చెప్పండి. చిరునామాతోపాటు నామినీ పేరును కూడా అన్నిచోట్లా సరిచూసుకోండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఎంఎస్ చదువుతున్నాను. స్నేహితులతో కలిసి అపార్ట్‌మెంటు మారాను. పోస్టాఫీసులో చిరునామా మార్పు నమోదు చేశాను. ఇంకెవరికైనా చెప్పాలా? (ఒక విద్యార్థి, అమెరికా)

జవాబు: తప్పకుండా చెప్పాలి బాబూ, అదీ వెంటనే. అక్కడి తపాలా సంస్థకు చెప్పినంత మాత్రాన వలస విభాగానికి చెప్పినట్టు కాదు. పౌరులు కానివారు, కొన్ని మినహాయింపులు తప్ప, ఇల్లు మారిన పది రోజులలోపు ఆ వలస విభాగమైన యూఎస్‌సీఐఎస్‌కు తెలియజేయాలి. దానికి ఏఆర్-11 ఫారం ఉంది, ఆన్‌లైన్‌లో రుసుము లేకుండా నింపవచ్చు. ఎఫ్-1 వీసా మీద చదివే విద్యార్థివి కాబట్టి అదే పది రోజుల్లో నీ విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల అధికారికి కొత్త చిరునామా ఇవ్వు, విదేశీ విద్యార్థుల వివరాలు ఉండే సెవిస్ రికార్డులో మార్చేది ఆ కార్యాలయమే. పని అనుమతి కార్డు కోసం దరఖాస్తు పెండింగులో ఉంటే, ఆ దరఖాస్తు నంబరుకు కూడా చిరునామా మారిందో లేదో నీ ఆన్‌లైన్ ఖాతాలో విడిగా చూసుకో. యూఎస్‌సీఐఎస్ పంపే కార్డులను తపాలా సంస్థ కొత్త ఇంటికి మళ్లించదు, వెనక్కి పంపేస్తుంది. పాత అపార్ట్‌మెంటులో ఇంకా మనవాళ్లెవరైనా ఉంటే, నీ పేరు మీద కవరు వస్తే తీసి ఉంచి ఫోను చేయమని ఈ రోజే చెప్పు.